పళ్లు అరగదీయించాక చించిల్లా తిండి ముట్టకపోతే

ఈసారి శీర్షిక మొత్తం చించిల్లాలకే, అంటే ఇళ్లలో పెంచుకునే, దట్టమైన బొచ్చున్న ఎలుకజాతి చిన్న జంతువులకే. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో బాధ ఒకటే: డాక్టరు పళ్లు సరిచేసి పంపారు, ఇంటికొచ్చాక అది తినడం లేదు. మందుల మోతాదులు ఇక్కడ రాయడం లేదు. అవి దాన్ని చూసి, బరువు తూచిన డాక్టరు చెప్పాల్సినవి. తిండి, నీళ్లు, కాటా, గది చల్లదనం మీ చేతిలో ఉన్నవి కాబట్టి వాటి గురించే చెబుతాం.

ప్రశ్న: మా చించిల్లాకు మూడేళ్లు, బరువు 520 గ్రాములు. దవడపళ్లకు ముళ్లలాగా మొనలు పెరిగి నాలుకకు గుచ్చుకుంటున్నాయని మత్తిచ్చి అరగదీశారు. ఇవాళ రెండో రోజు. గిన్నె దగ్గరికి ఆశగా వస్తుంది, పెల్లెట్ (గుళికగా చేసిన గడ్డి మేత) నోట్లో పెట్టుకుంటుంది, వెంటనే జారవిడుస్తుంది. గడ్డిపొడి (తినలేని జంతువులకు పట్టే పీచు మేత పొడి) నీళ్లలో కలిపి సిరంజితో పట్టమన్నారు. పడితే సగం గడ్డం మీదికే కారిపోతోంది. ఎంత పట్టాలి, ఎలా పట్టాలి?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: గిన్నె దగ్గరికి రావడం మంచి గుర్తే. ఆకలి ఉంది, నమలడానికి నోరు సహకరించడం లేదు. మొనలు గుచ్చుకుని నాలుక మీద, బుగ్గ లోపల పడ్డ పుండ్లు మొన తీసేసిన మర్నాటికే మానవు. చికిత్స చేసేటప్పుడు నోరు తెరిచి ఉంచే పరికరం పెడతారు, దానివల్ల దవడ కండరాలు సలుపుతాయి. పైగా ఇన్నాళ్లూ వంకర పళ్లతో నమిలిన దవడ ఇప్పుడు ఎత్తు తగ్గిన పళ్లకు సర్దుకోవాలి. చాలా చించిల్లాలు ఒకటి రెండు రోజుల్లో మెత్తటి తిండి మొదలుపెడతాయి. ఎండుగడ్డి దాకా రావడానికి వారం పది రోజులు పట్టినా ఫరవాలేదు.

కడుపు మాత్రం ఖాళీగా ఉండకూడదు. చించిల్లా పేగు ఆగకుండా కదులుతూ ఉండాలి. పీచు పోకపోతే పేగు మందగిస్తుంది, గ్యాసు పడుతుంది, ఆ నొప్పికి ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి పడుతుంది. అందుకే ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అని ఒక్క పూట కూడా ఊరుకోవద్దు.

లెక్క ఇలా వేసుకోండి. కలిపిన జావ కిలో బరువుకు రోజుకు 50 నుంచి 80 మిల్లీలీటర్లు. మీ 520 గ్రాముల దానికి 26 నుంచి 42 మిల్లీలీటర్లు అవుతుంది. మధ్యస్థంగా 36 అనుకుంటే, నాలుగు గంటలకోసారి చొప్పున ఆరు విడతలు, విడతకు 6 మిల్లీలీటర్లు. మీ డాక్టరు వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించండి. అది సొంతంగా ఏమీ తినని రోజుల్లో రాత్రి రెండు గంటల విడత కూడా మానొద్దు. రాత్రిపూట మెలకువగా ఉండే జంతువు కాబట్టి పగటికన్నా ఆ వేళే బాగా తీసుకుంటుంది.

ఒక వంతు పొడికి రెండు వంతుల గోరువెచ్చని నీళ్లు. విడతకు అర టీస్పూన్ పొడి, ఒక టీస్పూన్ నీళ్లు సరిపోతాయి. కలిపాక రెండు మూడు నిమిషాలు ఆగండి, పొడి నీళ్లు పీల్చుకుని చిక్కబడుతుంది. అప్పుడు చూసి, దోసెపిండి జారుడుకు వచ్చేదాకా నీళ్లు చుక్కలు చుక్కలుగా చేర్చండి. రోజుకు సరిపడా పొద్దున్నే కలిపి బయట పెట్టేస్తే మన ఎండలకు మధ్యాహ్నానికే పులుస్తుంది. ఏ విడతకు ఆ విడత కలపడమే మంచిది.

ఇక సిరంజి. సూది లేని 1 మిల్లీలీటర్ సిరంజిలు ఐదారు ముందే నింపి పక్కన పెట్టుకోండి. వాటి మూతి సన్నం, గడ్డిపొడి అడ్డం పడుతుంది. అడ్డం పడింది కదా అని గట్టిగా నొక్కితే ఒక్కసారిగా తెరుచుకుని మొత్తం గొంతులోకి చిమ్ముతుంది. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో ఇదే పెద్దది: జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. జావను టీ జాలీలో వడకట్టండి, లేదా సిరంజి మూతి కోసేసి అంచును గోళ్ల ఆకురాయితో నున్నగా రుద్దండి. వేలితో తడిమితే గరుకు తగలకూడదు.

పట్టుకునే పద్ధతి: బల్ల మీద పలచటి గుడ్డ పరిచి, దాన్ని నాలుగు కాళ్ల మీద మామూలుగా కూర్చోనిచ్చి, మెడ కింద నుంచి గుడ్డ చుట్టండి. టర్కీ టవల్ అయితే పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. చాతీ నొక్కొద్దు, పక్కటెముకలు చాలా సున్నితం. బొచ్చు పట్టుకుని ఆపబోతే కుచ్చుకు కుచ్చు ఊడి చేతిలోకి వస్తుంది. శత్రువు నుంచి తప్పించుకోవడానికి దానికి పుట్టుకతో ఉన్న ఉపాయం అది. ప్రాణానికేమీ కాదు గానీ మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది.

ముందరిపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లు లేని సందు ఒకటుంటుంది. సిరంజి మూతి పక్కనుంచి ఆ సందులో పెట్టి, గొంతు వైపు కాకుండా అవతలి బుగ్గ వైపు ఉండేలా చూడండి. 0.2 నుంచి 0.3 మిల్లీలీటర్లు వదిలి ఆగండి. దవడ పక్కకీ పక్కకీ కదులుతుంది, మింగుతుంది, తర్వాతే ఇంకో దఫా. ఒక విడత పూర్తికావడానికి పది, పదిహేను నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే మీరు తొందరపడుతున్నారన్నమాట. ముక్కులోంచి జావ వచ్చినా, తుమ్మినా, గురగుర శబ్దం వినిపించినా వెంటనే ఆపి, గుడ్డ వదులు చేసి, తల కాస్త కిందికి ఉండేలా పట్టుకోండి. ఆ తర్వాత కూడా ఊపిరి శబ్దంగానే ఉంటే డాక్టరు దగ్గరికే.

సగం కారిపోతోందన్నారు. ముందునుంచి పెట్టడం, ఒకేసారి ఎక్కువ వదలడం, జావ మరీ పలచన కావడం – వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. అవి సరిచేశాక కూడా కారుతుంటే, తిండి పట్టని వేళల్లోనూ గడ్డం చొంగతో తడిగా ఉంటే, ఏదైనా మొన మిగిలిపోయిందేమో, నాలుకకు గాటు పడిందేమో మళ్లీ చూపించాలి. ప్రతి విడత అయ్యాక గడ్డం కింద తడి దూదితో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. అక్కడ జావ ఎండి గట్టిపడితే కింద చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది.

నొప్పి మందు వేళను తిండి వేళతో కలపండి. మందు వేసిన గంటకు జావ పడితే తీసుకునే తీరే మారుతుంది. తిననప్పుడు చాలామంది ముందు ఆకలి మందు అడుగుతారు. మా అనుభవంలో అడగాల్సింది నొప్పి మందు చాలుతోందా అని. రెండు మూడు రోజులకే సీసా అయిపోతే డాక్టరుకు ఫోన్ చేసి కొనసాగించాలో లేదో కనుక్కోండి. నొప్పి మందు మెలోక్సికామ్ ద్రవం వేర్వేరు గాఢతల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములున్న సీసా బదులు 1.5 ఉన్నది తెచ్చి అన్నే చుక్కలు వేస్తే మూడింతలు పడినట్టు. సీసా మారినప్పుడల్లా అంకె చూడండి.

సిరంజితో పాటు సొంత తిండి ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. ఐదారు పెల్లెట్లు వెడల్పాటి మూతలో వేసి, చెంచాడు గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి పెట్టండి, రెండు గంటల్లో తీసేయండి. ఎండుగడ్డిలో ముదురు కాడలు ఏరేసి, ఆకు భాగం రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి గుప్పెడు వేయండి. నీళ్ల సీసా గొట్టాన్ని నాకడం కష్టమవుతుంటే పక్కన బరువైన పింగాణీ గిన్నెలోనూ నీళ్లు ఉంచండి.

ప్రశ్న: ఆస్పత్రిలో చెప్పిన గడ్డిపొడి ఆన్‌లైన్‌లో బుక్ చేసినాము, నాలుగు రోజులు పడుతుందంట. అంతదాకా రాగిజావ గానీ, పసిపిల్లల గోధుమ పొడి గానీ, పెరుగన్నం మెత్తగా పిసికి గానీ పెట్టొచ్చా? మా అమ్మ ఉలవకట్టు పొయ్యమంటోంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ అమ్మగారి ఉలవకట్టు మనుషులకు అమృతమే. చించిల్లాకు మాత్రం ఈ నాలుగూ వద్దు. దాని పెద్దపేగులో పీచును పులియబెట్టే సూక్ష్మజీవులే దానికి ఆధారం. పిండిపదార్థం, చక్కెర, పాలు అక్కడికి చేరితే వేరే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి, గ్యాసు పడుతుంది. అది వాంతి చేసుకోలేదు, గ్యాసు బయటికి తేలిగ్గా పోదు.

మీ దగ్గర మామూలు పెల్లెట్లు ఉంటాయి కదా. రంగురంగుల గింజలు, ఎండుపండ్లు కలపని తిమోతీ గడ్డి పెల్లెట్లు రెండు చెంచాలు మిక్సీ చిన్న జార్‌లో మెత్తటి పొడి చేసి, టీ జాలీలో జల్లించండి. రెండింతల గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, మళ్లీ ఒకసారి తిప్పి వడకట్టండి. కారం, మసాలా పట్టే జార్ అయితే వాసన పోయేదాకా కడిగి వాడండి. లేకపోతే అది సిరంజి చూడగానే మొహం తిప్పేస్తుంది. ఈ నాలుగు రోజులూ దీంతో గడుస్తుంది. చించిల్లా పెల్లెట్లు లేకుంటే గింజలు కలపని కుందేలు పెల్లెట్లయినా సరే.

గడ్డి విషయానికొస్తే గరిక మంచిదే. అయితే పచ్చిగడ్డి అలవాటు లేనిదానికి ఒక్కసారిగా గుప్పెళ్లకొద్దీ వేస్తే కడుపుబ్బరం. కడిగి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి వేయండి. రోడ్డు పక్కన కోసినది వద్దు, కుక్కలు తిరిగే చోటు కావచ్చు, మందు కొట్టిన గట్టు కావచ్చు. వరిగడ్డిలో సత్తువ లేదు, పైగా గరుకు అంచులు పుండ్లున్న నోటికి గుచ్చుకుంటాయి. మన వైపు సులభంగా దొరికే వేరుశనగ కట్టె చించిల్లాకు రోజువారీ గడ్డి కాదు. అది పప్పుజాతి మేత, మాంసకృత్తులూ కాల్షియమూ ఎక్కువ. వానలకు తడిసి ఆరిన కట్టెలో బూజు ఉంటే మరీ ప్రమాదం.

ఊరించడానికి ఏదైనా కావాలంటే ఇంట్లో పూసిన, మందు కొట్టని మందార పూలు ఎండబెట్టి, ఒక పువ్వు చిదిపి జావ మీద చల్లండి. చాలావాటికి ఇష్టం. పూల మార్కెట్ గులాబీలు వద్దు, వాటికి మందు పిచికారీ చేస్తారు.

ప్రశ్న: పళ్ల పని అయిన రోజు 480 గ్రాములున్నది మూడో రోజుకు 455కు వచ్చింది. పెంటికలు వేస్తోంది కానీ సన్నగా ఉన్నాయి. కాస్త తింటోంది కూడా. ఆస్పత్రికి పరుగెత్తాలా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: 25 గ్రాములంటే అయిదు శాతం పైచిలుకు. పేగు సగం ఖాళీ అయినందుకే అందులో కొంత పోతుంది. ఇవాళే పరుగెత్తక్కర్లేదు, కానీ జావ పరిమాణం పైన చెప్పిన కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కకు, అంటే మీ దానికి రోజుకు 38 మిల్లీలీటర్ల దాకా పెంచండి. పది శాతం, అంటే 432 గ్రాములకు దిగితే ఆ రోజే చూపించండి. రేపు 450, ఎల్లుండి 445 అని రోజూ కొంచెం కొంచెం జారుతున్నా 432 దాకా ఆగొద్దు.

గ్రాముల్లో చూపే వంటింటి కాటా మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సున్నా చేసి, అందులో దాన్ని కూర్చోబెట్టి తూచండి. రోజూ ఒకే వేళ, సాయంత్రం తొలి విడతకు ముందు తూచడం మేలు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తూచి తేడా చూసి బెంబేలెత్తితే ప్రయోజనం లేదు. గోడ క్యాలెండర్ గడిలోనే రాసేయండి, డాక్టరుకు చూపించడానికి అదే చాలు.

పెంటికల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాటిని మించిన రిపోర్టు లేదు. ఇవాళ పడినవి చాలావరకు నిన్నటి తిండివి. అందుకే పళ్ల పని అయిన రోజు బాగానే పడి, రెండో రోజు ఒక్కసారిగా తగ్గుతాయి. అప్పుడే కొత్తగా ఏదో అయిందనుకుంటారు. పంజరం అడుగున తెల్ల కాగితం పరచండి. ఆరోగ్యంగా ఉన్నప్పటివి బియ్యపు గింజకన్నా లావుగా, గుండ్రటి కొసలతో, ముదురు రంగులో, అన్నీ ఒకే సైజులో ఉంటాయి. విరిస్తే లోపల గడ్డి పీచు కనపడుతుంది. సన్నగా, మొనదేలి, ఎండినట్టుంటే లోపలికి పోయింది తక్కువ. మీ దానివి ఇవే. జావ పెంచిన ఒకటి రెండు రోజులకు లావెక్కాలి. వెంట్రుకతో దారానికి గుచ్చినట్టు వరుసగా వస్తే పేగు మందగించిందని. మెత్తగా, అంటుకునేలా ఉంటే చక్కెరో, మందు పడకపోవడమో కారణం.

పన్నెండు గంటలు ఒక్కటీ పడకపోయినా, పొట్ట బిగుసుకుని తడితే డప్పు మోత వినిపించినా, మూలన ముడుచుకుని పళ్లు నూరుతున్నా సిరంజి పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. ఉబ్బిన పొట్టలోకి ఇంకా జావ నెట్టడం తినిపించడం కాదు, ఉన్న ఇబ్బందిని పెంచడం. పసిపిల్లల గ్యాసు చుక్కలు వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. సిమెథికోన్ ఒక్కటే ఉన్నదైతే డాక్టరును అడిగి వేయొచ్చు. మందుల షాపుల్లో దొరికేవాటిలో కొన్నిట్లో సోపు నూనె, సోయికూర నూనె, తీపి కూడా కలిపి ఉంటాయి. సీసా వెనక చదవండి.

ప్రశ్న: దవడ కింద చిన్న వాపుంది. ఆదివారం కావడంతో డాక్టరు దొరకలేదు. మా పిల్లాడికి రాసిన అమాక్సిసిలిన్ సిరప్ మిగిలి ఉంది. రెండు చుక్కలు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: వేయొద్దు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే చించిల్లా పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం వదిలే క్లాస్ట్రీడియా అనే చెడు సూక్ష్మజీవి పెరుగుతుంది. విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. ఇప్పటికే వేసి ఉంటే ఏ మందు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు అన్నది రాసుకుని వెళ్లండి. కుక్కలనూ పశువులనూ ఎక్కువగా చూసే డాక్టరు దగ్గరికి వెళితే ‘ఇది చించిల్లా, పెన్సిలిన్ నోటికి పడదంటారు కదా సార్’ అని మీరే గుర్తుచేయడంలో తప్పులేదు. సాధారణంగా వీటికి ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా వంటివి ఎంచుకుంటారు. దవడ కింద వాపు చీముగడ్డ కావచ్చు, పంటి వేరు కిందికి పెరిగిన బుడిపె కావచ్చు. రెండిటికీ వైద్యం వేరు. సోమవారం దాకా జావ ఆపకండి, వాపును పిండకండి.

ప్రశ్న: తిరుపతి నుంచి చెన్నై తీసుకెళ్లి తలకు ఎక్స్-రే తీయించి, అవసరమైతే అక్కడే పళ్ల పని చేయించాలనుకుంటున్నాం. మే నెల. కరెంటు పోతే మా ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, భవానీనగర్, తిరుపతి

జవాబు: ముందు ఇక్కడే ఒక ఫోన్ చేయండి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీ ఊళ్లోనే ఉంది, అక్కడి కళాశాల 1955 నుంచీ నడుస్తోంది. చించిల్లాకు మత్తిచ్చే డాక్టరు ఉన్నారా, దవడపళ్లు అరగదీసే పరికరం ఉందా, తల ఎక్స్-రే తీస్తారా అని మూడు ప్రశ్నలు అడగండి. పని ఇక్కడే అయితే మూడు నాలుగు గంటల ఎండ ప్రయాణం తప్పుతుంది.

వెళ్లక తప్పకపోతే తెల్లవారుజామున బయల్దేరండి. ఇది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చల్లటి, పొడి గాలికి పుట్టిన జంతువు. 18 నుంచి 22 డిగ్రీలు దానికి హాయి, 27 దాటితే ప్రమాదం మొదలవుతుంది. కారు ఏసీ పది నిమిషాలు ముందే వేసి లోపల చల్లబడ్డాక ఎక్కించండి. బుట్టలో ఒక పక్కన గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టండి, ఇంకో పక్క ఖాళీగా ఉంచితే చలేస్తే అటు జరుగుతుంది. చిన్న థర్మామీటర్ బుట్టలోనే ఉండాలి. ముందు సీట్లో మీకు చల్లగా తగిలితే వెనక దానికీ అంతే ఉంటుందనుకోవద్దు. ఒంటి మీద నీళ్లు చల్లొద్దు, ఆ దట్టమైన బొచ్చు తడిస్తే ఆరదు. చెవులు ఎర్రబడి, పక్కకు ఒరిగి, వేగంగా రొప్పుతుంటే వడదెబ్బే. వెంటనే చల్లటి చోటికి మార్చి, దగ్గర్లో ఉన్న డాక్టరుకు చూపించాలి.

కుక్కలకు చెప్పినట్టు రాత్రంతా పస్తు పెట్టి తీసుకెళ్లొద్దు. వాంతి భయం లేదు కాబట్టి రాత్రి పస్తు అక్కర్లేదు, పైగా హాని. ఎన్ని గంటల ముందు ఆపాలో మత్తిచ్చే డాక్టరునే అడగండి, మహా అయితే ఒకటి రెండు గంటలంటారు. మత్తు నుంచి తేరుకునేటప్పుడు దాని ఒళ్లు చల్లబడుతుంది. ఆ మొదటి కొన్ని గంటలు ఏసీ 24 దగ్గర ఉంచి, గాలి నేరుగా తగలకుండా చూసి, లేచి తిరగడం మొదలుపెట్టాక 21, 22కు దించండి.

కరెంటు కోతకు మనకు ఒక సౌకర్యం ఉంది, గ్రానైట్. పంజరం వెడల్పుకు సగం సరిపోయే నున్నటి ముక్క రెండు తీసుకుని, ఒకటి పంజరంలో, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి మారుస్తుండండి. ఫ్యాన్ మాత్రం దానికి పెద్దగా ఉపయోగపడదు. చెమట పట్టని జంతువుకు వేడి గాలి తిప్పి కొడితే చల్లదనం రాదు. ఒంట్లో బాగాలేని రోజుల్లో రెండు మూడు గంటల కోత తప్పదనిపిస్తే ఏసీ నడిచే బంధువుల ఇంటికి మార్చడమే మంచిది.

ప్రశ్న: అయిదు నెలల్లో మూడుసార్లు పళ్లు అరగదీయించినాము. చేసిన నెల బాగా తింటుంది, మళ్లీ మొదలు. ఇప్పుడు ఒక కన్ను నీరు కారుతా ఉంది. పైపళ్ల వేర్లు పెరిగినాయంటున్నారు. కొరకడానికి చెక్కలు, రాళ్లు ఎన్నో వేసినాము. ఇంక ఎన్నిసార్లు చేయించాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: చెక్కలు, రాళ్లు ముందరిపళ్లను అరగదీస్తాయి. మీ దాని జబ్బు దవడపళ్లది. చించిల్లాకు మొత్తం 20 పళ్లు, అన్నీ జీవితాంతం పెరిగేవే. ముందరిపళ్లే ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతాయి. దవడపళ్లు అరగాలంటే గడ్డిని పక్కవాటుగా, గంటల తరబడి నూరాలి. పెల్లెట్ నాలుగు నములుళ్లకే పిండైపోతుంది కాబట్టి ఆ పని దానితో కాదు. అరగని పన్ను పైకి పెరిగి ఎదుటి పన్నును నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పంటి మొదలు వెనక్కి, ఎముకలోకి పెరుగుతుంది. కింది పళ్లయితే దవడ అంచున తడిమితే బుడిపెలు తెలుస్తాయి. పైపళ్లయితే కంటి కాలువను నొక్కి నీరు కారుతుంది. నోట్లో కనిపించే మొనలనే అరగదీయగలరు, ఎముకలోకి పోయింది వెనక్కి రాదు. అందుకే ప్రతిసారీ ఉపశమనమే తప్ప పూర్తిగా నయం కావడం లేదు.

ఇక ఎన్నిసార్లు అన్నది. ఒక నోటుబుక్కులో రెండు వరుసలు గీయండి: సొంతంగా తిన్న రోజులు, సిరంజి మీద బతికిన రోజులు. రెండు చికిత్సల మధ్య ఎక్కువ రోజులు గడ్డి తింటూ, బరువు నిలబెట్టుకుంటూ, సాయంత్రమైతే గెంతుతుంటే ఆరు, ఎనిమిది వారాలకోసారి చేయించడంలో అర్థముంది. ఆ వరుస తారుమారై, నొప్పి మందు మీద కూడా ముడుచుకునే ఉంటే, నొప్పి లేకుండా శాశ్వత నిద్రలోకి పంపడం గురించి డాక్టరుతో మాట్లాడటం దానికి అన్యాయం చేయడం కాదు. ఇంకో అరగదీత కోసం డబ్బు కట్టే ముందు తల ఎక్స్-రే, వీలైతే సీటీ స్కాన్ తీయించండి. వేర్లు ఎంతదూరం పోయాయో చూడకుండా ‘ఇంకొక్కసారి’ అనుకోవడం చీకట్లో తడుములాటే. దీనిలో వంశపారంపర్యం కూడా ఉంటుంది, కాబట్టి దీనితో పిల్లలు పెట్టించొద్దు.

ఇంట్లో చేయగలిగింది: ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, పెల్లెట్లు రోజుకు ఒకటి నుంచి రెండు టేబుల్ స్పూన్లకు మించొద్దు. తిండి తిన్నాక కొరకడానికి మీ వైపు మల్బరీ పుల్లలకు కొరత లేదు. పట్టుపురుగుల షెడ్ల దగ్గర సున్నం, బ్లీచింగ్ పొడి పడిన కొమ్మలు మాత్రం వద్దు. తోటలోవి తెచ్చి కడిగి, బాగా ఎండబెట్టి వేయండి. మామిడి కొమ్మలు వేయకండి, వాటి జీడి మంచిది కాదు. పెట్ షాపులో నెయిల్ కట్టర్‌తో ముందరిపళ్లు కత్తిరిస్తామంటే ఒప్పుకోకండి, పన్ను నిలువునా చీలి, చీలికలోంచి చీము పడుతుంది.

ప్రశ్న: పళ్ల పని అయ్యాక దుమ్ము స్నానం ఎప్పటినుంచి? నది ఇసుక వాడొచ్చా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: దుమ్ము స్నానమంటే నీళ్లకు బదులు మెత్తటి పొడిలో దొర్లి బొచ్చు శుభ్రం చేసుకోవడం. అరగదీత ఒక్కటే అయితే, గడ్డం పొడిగా ఉండి సొంతంగా తింటున్నప్పటినుంచి. పన్ను పీకినా, చీముగడ్డ కోసినా గాయం మానిందని డాక్టరు చెప్పేదాకా ఆపండి. తడి గడ్డానికి దుమ్ము అంటితే పేస్టులా గట్టిపడుతుంది, కంటి నీరు కారేవాటికి కన్ను ఇంకా మండుతుంది. స్వర్ణముఖి ఇసుక ఎంత జల్లించినా పలుకు గరుకే, బొచ్చు తెగుతుంది. టాల్కమ్ పౌడర్ ఊపిరితిత్తులకు పడదు. చించిల్లాల కోసమే అమ్మే అగ్నిపర్వతపు బూడిదలాంటి మెత్తటి పొడి రెండు మూడు సెంటీమీటర్ల మందాన పోసి, వారానికి రెండు మూడుసార్లు, పది నిమిషాలు పెట్టండి. తర్వాత తొట్టి బయటికి తీసేయండి, లేకపోతే అందులోనే ఉచ్చ పోస్తుంది.